గ్లాసు, బెంచీ, పిలుపు: మామూలు రోజుల్లో కులం ఎట్లా పనిచేస్తుంది?

కులం గురించి మాట్లాడదామంటే మన చర్చ ఎప్పుడూ రెండు చోట్లకే పోతుంది. అయితే రిజర్వేషన్ల దగ్గరికి, లేకపోతే ఊచకోతల దగ్గరికి. ఈ రెండింటి మధ్యా ఉండే రోజులు చర్చలోకి రావు. మనిషి నిద్రలేచి, నీళ్ళు తెచ్చుకుని, పనికిపోయి, టీ తాగి, నలుగురితో మాట్లాడి, ఇంటికొచ్చి పడుకునే మామూలు రోజులవి. మామూలుగా జరిగేదాని గురించి చెప్పడానికేముంది అనుకుంటాం. అసలు సంగతంతా అక్కడే ఉంది. కులం పుట్టింది ఎక్కడన్నా కానివ్వండి, అది బతికేది మాత్రం ఈ మామూలు రోజుల్లోనే. రోజూ తిండి పెట్టకపోతే ఏ వ్యవస్థా రెండు వేల ఏళ్ళు బతకదు. కులానికి ఆ తిండి పెట్టేది మన నిత్యజీవితం.

అందుకే ఇక్కడ పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా టీ గ్లాసు, బెంచీ, పిలుపు, చెప్పులు, నీళ్ళబిందె లాంటి చిన్న సంగతుల్ని తీసుకుందాం. ఇవి ఎవరి సొంత అలవాట్లూ కావనీ, సమాజం మన ఒంట్లో పెట్టిన ఏర్పాట్లనీ చూద్దాం. ఇట్లా చూడటం వల్ల ఒరిగేదేమిటి అన్న ప్రశ్నకి చివర్లో జవాబు చెప్పుకుందాం.

అలవాటు ఎవరిది?

ఏ ఊళ్ళోనైనా పెద్దమనుషుల్ని కదిలిస్తే వచ్చే మొదటి మాట ఇది: "మా ఊళ్ళో అట్లాంటిదేం లేదండీ. అందరం అన్నదమ్ముల్లాగా ఉంటాం. ఎవరి అలవాట్లు వాళ్ళవి." అబద్ధం చెబుతున్నామని కూడా వాళ్ళు అనుకోరు. నిజంగానే వాళ్ళకి ఏమీ కనపడదు. ఎందుకు కనపడదు?

దీనికి ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త దర్‌ఖైమ్ 1895లో రాసిన పుస్తకంలో ఒక దారి చూపించాడు. మనిషి ఆలోచించే తీరు, నడుచుకునే తీరు, చివరికి సిగ్గుపడే తీరు కూడా చాలావరకు అతను పుట్టకముందే బయట తయారై ఉంటాయన్నాడు. వాటికి అతని మీద బలవంతం చేసే శక్తి ఉంటుందన్నాడు. వీటికి సామాజిక వాస్తవాలని పేరు పెట్టాడు. వాటి ప్రకారం నడిచినంతకాలం ఆ బలవంతం మనకి తెలియదు. ఎదురు తిరిగినప్పుడే తెలుస్తుంది. ఏటి వాలున పోయేవాడికి నీళ్ళ వడి తెలియదు, ఎదురీదేవాడికే తెలుస్తుంది. పెద్దమనిషికి ఊళ్ళో కులం కనపడకపోవడానికి కారణం ఇదే. ఆయన వాలున పోతున్నాడు.

ఆ తర్వాతి కాలంలో పియెర్ బోర్దియూ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయాడు. సమాజంలోని ఎక్కువ తక్కువలు మనిషి బుర్రలోనే కాదు, ఒంట్లో కూడా దిగుతాయన్నాడు. ఎట్లా నిలబడాలి, ఎంత గట్టిగా మాట్లాడాలి, ఎవరి ముందు ఎక్కడ కూర్చోవాలి అనేవి ఎవరూ పాఠంగా చెప్పరు. ఒళ్ళే నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక అది మన స్వభావమే అనిపిస్తుంది.

అయితే ఈ ఇద్దరూ చెప్పింది మనకి సగమే పనికొస్తుంది. సమాజం బలవంతం చేస్తుంది, సరే. ఏ సమాజం? ఎవరి మీద? ఈ రెండో సగం చెప్పినవాడు అంబేద్కర్. ఆయన 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల పుట్టుక మీద పత్రం చదివినప్పుడు కులాన్ని తలుపులు మూసుకున్న వర్గంగా వివరించాడు. ఒకరు తలుపు మూసుకుంటే మిగతావాళ్ళు బయట ఉండిపోయారని చెప్పాడు. తర్వాత ఆయన తేల్చిచెప్పిన ముఖ్యమైన సంగతి మెట్ల అసమానత. మన సమాజం పైనా కిందా అని రెండు భాగాలుగా లేదు, మెట్లుగా ఉంది. పైకి పోయేకొద్దీ గౌరవం, కిందికొచ్చేకొద్దీ అసహ్యం. ప్రతివాడికీ తొక్కడానికి కింద ఇంకొకడు ఉంటాడు కాబట్టి పైనున్నవాడి మీద అందరూ ఒక్కటిగా లేవరు. నిత్యజీవితాన్ని చూసేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదు.

ఊరంటే ఎవరి ఊరు?

ముందు భాషనే చూడండి. రెవిన్యూ రికార్డుల ప్రకారం మాలపల్లె, మాదిగగూడెం ఊళ్ళో భాగాలే. కానీ వాడలో ఉండే మనిషి బయల్దేరుతూ ఏమంటాడు? "ఊళ్ళోకి పోయొస్తా" అంటాడు. ఊళ్ళో ఉన్న మనిషి ఊళ్ళోకి పోవడమేమిటి? ఊరు అనే మాటలో తను లేడని అతనికి మాటలు నేర్చుకున్ననాడే తెలిసిపోయింది. ఏ చట్టమూ ఈ వాడుక నేర్పలేదు. అమ్మ అంటే విన్నాడు, తనూ అన్నాడు.

వాడలు చాలా ఊళ్ళల్లో పల్లంలో ఉంటాయి. ఊరి మురుగు అటు పారుతుంది. రోడ్డు చివరికి అక్కడికొస్తుంది, కరెంటు చివరికి అక్కడికొస్తుంది, వరద మాత్రం అన్నిటికంటే ముందొస్తుంది. దీన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. నేల ఎత్తుపల్లాలు ప్రకృతి కదా అంటారు. నేల వాలు ప్రకృతే. ఆ వాలులో ఎవరు ఉండాలన్నది మాత్రం ప్రకృతి తేల్చింది కాదు.

మన సామాజికశాస్త్రం కూడా చాలాకాలం ఊరిని ఊరి నడిబొడ్డునుంచే చూసింది. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే రాసిన పుస్తకం 1955లో వచ్చింది. మైసూరు ప్రాంతంలోని రాంపుర మీద ఎం.ఎన్. శ్రీనివాస్ ఏళ్ళ తరబడి రాశాడు. భూమి, సంఖ్యాబలం, రాజకీయ బలం చేతిలో ఉన్న కులాన్ని ఆధిపత్య కులం అని పిలిచి మనకి పనికొచ్చే మాట ఇచ్చింది శ్రీనివాసే. కానీ ఆయన రాంపురలో బసచేసింది ఊరిపెద్దకి చెందిన ఇంట్లో. పరిశోధకుడు ఏ అరుగుమీద కూర్చుంటే ఊరు ఆ అరుగుమీంచే కనపడుతుంది. అరుగుమీంచి చూస్తే ఊరు ఒక కుటుంబం. వాడలోంచి చూస్తే అదే ఊరు ఒక గోడ.

గ్లాసు కథ

రెండు గ్లాసుల పద్ధతి గురించి అందరూ వినే ఉంటారు. హోటల్లో ఊళ్ళోవాళ్ళకి గాజుగ్లాసు. దళితులకి వేరే గ్లాసు, అంచు చితికిన అల్యూమినియం గ్లాసో, ఇంకోటో. కొన్నిచోట్ల కొబ్బరిచిప్ప. అది తాటాకు చూరులోనో, బయట మేకుకో వేలాడుతుంది. వాడలోనుంచి వచ్చినవాడు దాన్ని తనే తీసుకోవాలి, తాగాలి, కడగాలి, మళ్ళీ అక్కడే పెట్టాలి. బెంచీమీద కూర్చోకూడదు. డబ్బులు మాత్రం ఇద్దరివీ ఒక్కటే.

ఈ పద్ధతి ఎంత కచ్చితంగా నడిచేదో ఆలోచించండి. హోటలాయన పలానావాడు పలానా గ్లాసు తీసుకోవాలని బోర్డు పెట్టలేదు. వచ్చినవాణ్ణి కులం అడగలేదు. అయినా ఎవరి చెయ్యి ఏ గ్లాసు మీదికి పోవాలో ఆ చేతికే తెలుసు. ఇక్కడే సమాజం పనితనం ఉంది. కాపలావాడు అక్కర్లేకుండా మనిషే తనకి తాను కాపలా కాసేట్టు చెయ్యడం.

మరి ఈ గ్లాసు ఎందుకు పోయింది? చాలాచోట్ల పోయిన మాట నిజం. ఉద్యమాలు కొన్నిచోట్ల దాన్ని ఎత్తేయించాయి. హోటళ్ళల్లోకి గుంపుగా పోయి గాజుగ్లాసుల్లో టీ అడిగిన యువకులున్నారు, కేసులు పెట్టినవాళ్ళున్నారు. ఇంకా చాలాచోట్ల మాత్రం ప్లాస్టిక్ గ్లాసు, ఆ తర్వాత కాగితం గ్లాసు వచ్చి ఆ పని చేశాయి. తాగి పారేసే గ్లాసుకి కడిగే బాధ లేదు, అంటు లేదు. అందరికీ ఒకే గ్లాసు. కానీ జాగ్రత్తగా చూస్తే ఇక్కడ రాజీపడింది ఎవరు? నీ ఎంగిలి గ్లాసులో నేను తాగను అన్నవాడు తన పట్టు వదల్లేదు. ఎవడి ఎంగిలీ ఎవడికీ తగలని వస్తువు దొరికిందంతే. కులం గ్లాసుని వదిలిపెట్టింది, బెంచీని వదల్లేదు. ఇప్పటికీ కొన్ని హోటళ్ళ ముందు చూడండి, ఎవరు లోపల కూర్చుని తాగుతున్నారో, ఎవరు బయట నిలబడి తాగుతున్నారో. అడిగితే "వాళ్ళకి పనుల తొందర" అంటారు. తొందర కూడా కులం చూసి వస్తుందా?

పాత గుర్తులు పోయినప్పుడు వ్యవస్థ పోయిందని తొందరపడి రాసేవాళ్ళు ఇది గమనించాలి. ఆచారం తన వస్తువుని మార్చుకుంటుంది. పరిశోధకుడు గ్లాసులు లెక్కపెట్టి ఆగిపోతే అంటరానితనం తగ్గిందని రాస్తాడు. ఎవరెక్కడ కూర్చున్నారో చూసేవాడు ఇంకోటి రాస్తాడు.

నాలుక, చెయ్యి, కాలు

కులం ఒంట్లో మూడుచోట్ల బాగా కనపడుతుంది.

మొదటిది నాలుక. ఊళ్ళో పదేళ్ళ పిల్లాడు అరవయ్యేళ్ళ దళితుణ్ణి "ఒరే" అని పిలుస్తాడు. ఆ ముసలాయన ఆ పిల్లాణ్ణి "అయ్యా", "దొరా" అంటాడు. వెంకటయ్య వెంకటిగాడవుతాడు, పుల్లయ్య పుల్లిగాడవుతాడు. తెలంగాణలో దొరల గడీల ముందు "బాంచెన్" అనిపించుకున్న నోళ్ళు ఎన్నో. వయసుకి గౌరవం ఇవ్వడం మన సంస్కృతి అని గొప్పలు చెప్పుకుంటాం. ఆ సంస్కృతి వాడ పొలిమేర దగ్గర ఆగిపోతుంది. కొన్ని ప్రాంతాల్లో కులాల మధ్య వరసలు పెట్టి పిలుచుకోవడం కూడా ఉంది. మామా, బావా, పెద్దమ్మా అంటారు. దాన్ని చూపించి సామరస్యం అంటారు. ఆ మామ ఇంట్లో అన్నం తినగలడా, ఆ బావకి పిల్లనిస్తారా అని అడిగితే వరస అక్కడితో తెగిపోతుంది.

రెండోది చెయ్యి. కూలిడబ్బులు చేతిలో పెట్టకుండా పైనుంచి వదలడం, దోసిట్లో నీళ్ళు ఎత్తునుంచి పొయ్యడం, కొట్లో సరుకు గట్టుమీద పెట్టి తీసుకోమనడం. రెండు చేతుల మధ్య ఉండే ఆ జానెడు ఖాళీని కొలవగలిగితే మన సమాజం కొలత దొరుకుతుంది. అంబేద్కర్ తన చిన్ననాటి బడి గురించి రాసుకున్నదీ ఇదే. కుళాయి తిప్పడానికి బడి బంట్రోతు ఉంటేనే ఆయనకి నీళ్ళు. బంట్రోతు రాని రోజు నీళ్ళు లేవు. కూర్చోవడానికి ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా. ఇందులో ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పిల్లాడు దప్పికతో ఉన్నాడంతే.

మూడోది కాలు. ఊరి నడివీధిలోకి రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవడం, సైకిలు దిగి నడిపించుకుపోవడం. ఇవి పాత కథలనుకునేవాళ్ళు చట్టం చదవాలి. ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు నేరాల పట్టికలో కొత్తగా చేర్చినవేమిటో తెలుసా? బహిరంగ ప్రదేశాల్లో సైకిలుగానీ మోటారుసైకిలుగానీ ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్తబట్టలు కట్టుకోకుండా, పెళ్ళి ఊరేగింపు చేసుకోకుండా, పెళ్ళిలో గుర్రం ఎక్కకుండా అడ్డుకోవడం. ఇరవయ్యొకటో శతాబ్దంలో పార్లమెంటు చెప్పుల గురించి చట్టం రాయాల్సివచ్చింది. నిత్యజీవితం చిన్న విషయం అనేవాళ్ళకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు

ఇప్పటిదాకా చెప్పిందంతా మగవాళ్ళ వీధి. హోటలూ రచ్చబండా మగవాళ్ళవి. ఆడవాళ్ళకి కులం ఎదురయ్యే చోటు నీళ్ళు. మంచినీళ్ళ బావి దగ్గర దళిత స్త్రీ బిందె పెట్టుకుని నిలబడాలి. ఎవరన్నా దయతలిచి తోడిపోస్తే నీళ్ళు, లేకపోతే ఎదురుచూపు. ఆ ఎదురుచూసిన గంటలకి కూలి లేదు. పొలానికి ఆలస్యమైతే మళ్ళీ అక్కడ తిట్లు. కాలం కూడా కులాన్నిబట్టి పంచబడుతుంది. ఒకరి తీరిక ఇంకొకరి పడిగాపులమీద నిలబడుతుంది.

11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చేసిన ఒక పెద్ద అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. అందులో దాదాపు సగం ఊళ్ళల్లో దళితులకి ఊరి నీళ్ళ దగ్గరికి రానివ్వని పరిస్థితి కనపడింది. రాజ్యాంగం 15వ అధికరణం బావులూ చెరువులూ స్నానఘట్టాల పేర్లు చెప్పి మరీ వివక్ష కూడదన్నది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955లో చట్టం వచ్చింది. కాగితం మీద నీళ్ళు అందరివీ.

కాగితానికీ బావికీ మధ్య దూరం కొత్తది కాదు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులూ బావులూ అందరికీ తెరవాలని తీర్మానం చేసింది. నాలుగేళ్ళు ఆ తీర్మానం కాగితంగానే ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో మహద్ చవుదార్ చెరువుకి నడిచిపోయి దోసిలి పట్టి తాగినప్పుడే అది నీళ్ళయింది. వెంటనే దాడి జరిగింది. తర్వాత చెరువుని ఆవుపేడా మూత్రంతో శుద్ధి చేశారు. గుక్కెడు నీళ్ళకి అంత కోపమెందుకు? పోయింది నీళ్ళు కాదు కాబట్టి. పోయింది మామూలు.

మామూలు తప్పినప్పుడు

మన రాష్ట్రాల చరిత్రలో దీనికి రెండు రుజువులున్నాయి. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర పశువుల్ని కడుగుతుంటే అడిగినందుకు గొడవ మొదలైంది. అడ్డుపడింది ఒక దళిత స్త్రీ. ఎదురు చెప్పింది, తన బిందె ఎత్తింది. జులై 17న వాడమీద దాడి చేసి ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటిలోంచే అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో గొడవ సినిమాహాల్లో మొదలైంది. చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకులస్తుడికి తగిలింది. తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు.

ఒకచోట బిందె, ఒకచోట కాలు. ఇవి కారణాలా? పత్రికలు చిన్న గొడవ పెద్దదైందని రాశాయి. అది తప్పుడు లెక్క. బిందె ఎత్తిన చెయ్యి వందల ఏళ్ళుగా బిందె పట్టుకుని నిలబడాల్సిన చెయ్యి. సినిమాహాల్లో చాచిన కాలు ఊళ్ళో చెప్పులు విప్పాల్సిన కాలు. దర్‌ఖైమ్ చెప్పిన బలవంతం ఇక్కడ గొడ్డలిగా బయటపడింది. మామూలు రోజుల్లో కనపడని హింస, మామూలు తప్పినరోజున కనపడుతుంది. అంటే హత్యాకాండ నిత్యజీవితానికి వేరుగా ఉన్నది కాదు. నిత్యజీవితాన్ని కాపాడటానికి చేసేదే అది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. చేతిలో పొలం లేనివాడికి, పాలేరుగా అప్పు ఉన్నవాడికి మామూలు తప్పే ధైర్యం ఉండదు. కారంచేడు చుట్టుపక్కల్లో, చుండూరులో ఎదురు మాట్లాడగలిగిన తరం చదువో, బయటి పనో దొరికిన తరం. చుండూరులో చంపడానికి ముందు బహిష్కరణ పెట్టింది అందుకే. పనులకి పిలవరు, కొట్లో సరుకివ్వరు. కులం ఆచారంగా నిలవలేనప్పుడు కడుపుని పట్టుకుంటుంది. ఆచారాన్నీ ఆస్తినీ వేరువేరుగా చదవడం కుదరదు.

పట్నం వస్తే పోతుందా?

పట్నంలో కులం అడిగేవాడెవడు అంటారు. నేరుగా అడగరు నిజమే. "మీ ఇంటిపేరేమిటి?", "మీదే ఊరు? ఊళ్ళో ఏ వైపు?", "నాన్‌వెజ్ తింటారా?", "క్రిస్టియన్సా?" అని అడుగుతారు. అద్దె ఇల్లు చూడబోయిన దళిత ఉద్యోగికి ఈ ప్రశ్నల వరస కంఠతా వచ్చు. వంటింట్లో ఏం వండుతారన్న ప్రశ్నకి జవాబు చెప్పేసరికి "మొన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ" అన్న మాట వస్తుంది. ఇళ్ళల్లో పనిచేసే మనిషికి వేరే కప్పు, వేరే పళ్ళెం వంటింటి మూలన ఇప్పటికీ ఉంటాయి. ఊళ్ళోని రెండో గ్లాసు పట్నం వచ్చి స్టీలు కప్పయింది.

2011-12లో దేశమంతా జరిగిన మానవాభివృద్ధి సర్వేలో ఇళ్ళవాళ్ళనే అడిగారు, మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా అని. లేదన్నవాళ్ళని ఇంకో ప్రశ్న అడిగారు, దళితులు మీ వంటింట్లోకి వచ్చి గిన్నెలు వాడుకుంటే ఒప్పుకుంటారా అని. రెండూ కలిపితే దాదాపు 27 శాతం ఇళ్ళు తామే ఒప్పుకున్నాయి. పల్లెల్లో 30 శాతం, పట్నాల్లో 20 శాతం. చట్టం ప్రకారం నేరమైన పనిని నోటితో ఒప్పుకున్నవాళ్ళ లెక్క ఇది. ఒప్పుకోనివాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి. పట్నం కులాన్ని చంపదు. మర్యాద నేర్పుతుంది.

మన లోపలి మెట్లు

దళితవాదం నిజాయితీగా ఉండాలంటే ఈ చూపుని మన వాడలమీద కూడా తిప్పాలి. మాలపల్లెకీ మాదిగగూడేనికీ వేరువేరు బావులున్న ఊళ్ళు ఎన్ని లేవు? మాదిగలని ఆశ్రయించి బతికే డక్కలివాళ్ళు ఆ మాదిగవాడ బయటే గుడిసె వేసుకోవాల్సి వచ్చింది. 1994లో దండోరా ఉద్యమం వర్గీకరణ అడిగినప్పుడు అది ఉద్యోగాల పంచాయితీ మాత్రమే అనుకున్నవాళ్ళున్నారు. దాని వెనక ఈ మెట్ల బతుకంతా ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చన్నది. తీర్పు వాటాలు తేలుస్తుంది. బావులు కలపడం మాత్రం కోర్టు పని కాదు, మనది.

చూడటం వల్ల ఒరిగేదేమిటి?

మొదట్లో వాయిదా వేసిన ప్రశ్నకి వద్దాం. ఇవన్నీ చూస్తే ఏమొస్తుంది?

ఒకటి, సాక్ష్యం వస్తుంది. అంటరానితనం కేసులు కోర్టుల్లో నిలవకపోవడానికి ఒక కారణం, జరిగినదానికి తిట్టో దెబ్బో రుజువుగా కావాలి. బెంచీమీద కూర్చోనివ్వకపోవడానికి గాయం ఉండదు. రాసి పెట్టుకున్న లెక్క ఉంటే అదే రుజువు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతినెలా 30న ఊళ్ళల్లో పౌరహక్కుల దినం జరపాలి. అధికారులు వచ్చి సంతకాలు పెట్టి పోతున్నారు. ఆ రోజున వాడ యువకులు తమ ఊరి పట్టిక చేత్తో పట్టుకుని నిలబడితే ఆ సమావేశం ఇంకోలా ఉంటుంది. హోటల్లో ఎవరెక్కడ కూర్చుంటారు, బడిలో మధ్యాహ్న భోజనం ఎవరు వండుతారు, వడ్డన ఏ వరసలో జరుగుతుంది, మంగలి షాపులో ఎవరికి క్షవరం చేస్తారు, గుడిలోకి ఎవరు ఎంతవరకు పోతారు, శ్మశానం ఎవరిది ఎక్కడ. ఒక నోటుబుక్కు చాలు.

రెండు, సిగ్గు చోటు మారుతుంది. వేరే గ్లాసులో తాగినవాడు ఇంతకాలం అది తన తక్కువతనమనుకున్నాడు. అది ఒక ఏర్పాటని, ఆ ఏర్పాటుకి తయారుచేసినవాళ్ళున్నారని, లాభపడుతున్నవాళ్ళున్నారని తెలిసిననాడు ఆ సిగ్గు గ్లాసు ఇచ్చినవాడి దగ్గరికి పోతుంది. సమాజం చేసినదాన్ని సమాజం మార్చగలదు. దేవుడు చేశాడనుకున్నదాన్ని ఎవడూ మార్చలేడు. సామాజికశాస్త్రం వాడకి చేయగలిగిన మేలు ఈ ఒక్క తేడా చూపించడం.

అందుకే పెద్ద ఘటన జరిగేదాకా ఆగొద్దు. రేపు పొద్దున హోటలు తెరిచేవేళకే పోయి, టీ చెప్పి, ముందు బెంచీ చూడండి.